నాలుగో బూరె, మూడు వాకీటాకీలు

2022 వేసవిలో నేను ఎల్‌కేజీ క్లాసు వదిలిపెట్టి హెచ్‌ఆర్ ఉద్యోగంలోకి వచ్చాను. అప్పటికి నాకు నలభై ఒకటి. భిలాయి సెక్టర్ 7లో పుట్టి పెరిగినదాన్ని. నాన్న విజయనగరం దగ్గర పల్లె నుంచి స్టీలు ప్లాంటు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే రిటైరయ్యారు. పదకొండేళ్ళు ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో నాలుగేళ్ళ పిల్లల చేత అక్షరాలు దిద్దించాను. ఇక చిన్న క్లాసులు మూసేస్తామని స్కూలువాళ్ళు చెప్పిన ఏడాది, దూరవిద్యలో హెచ్‌ఆర్ డిప్లొమా కట్టాను. హెచ్‌ఆర్ అంటే ఏమిటని అమ్మ అడిగితే, "కంపెనీలో మనుషుల్ని చూసుకునే పని" అన్నాను.

"మరి ఇన్నాళ్ళూ చేసినదేటి?" అంది అమ్మ.

ఉద్యోగం ఇచ్చింది ఇక్కడి ఇండస్ట్రియల్ ఏరియాలో వంతెనలకి ఇనప గర్డర్లు, అంటే పెద్ద దూలాలు, తయారుచేసే ఒక కంపెనీ. యజమాని తెలుగాయనే. నెహ్రూ నగర్‌లో ఇల్లు. అందరూ పెద్దసారు అంటారు. ఆయన నా బయోడేటాని అటూ ఇటూ తిప్పి చూసి బల్ల మీద పెట్టేశారు.

"పిల్లలు కొట్టుకుంటే ఏం చేసేదానివమ్మా?"

"విడదీసి, చెరో మూల కూర్చోబెట్టి, ఏడుపు ఆగాక మాట్లాడించేదాన్నండి."

"కరుస్తారా?"

"జూన్‌లో కొందరు కరుస్తారండి. ఆగస్టుకి మానేస్తారు."

"నా దగ్గర నూట ఎనభై మంది ఉన్నారు. వీళ్ళు కరవరు గానీ, ఆగస్టు వచ్చినా మారరు. సోమవారం నుంచి వచ్చెయ్."

అలా చేరాను. బయటివాళ్ళకి హెచ్‌ఆర్ అంటే ఉద్యోగాలు ఇచ్చేవాళ్ళు, తీసేసేవాళ్ళు. నిజానికి రోజంతా చేసేది సెలవు చీటీలు, హాజరు, ఎవరికి ఏ ట్రైనింగ్ అయింది, ఎవరికి మెడికల్ చెకప్ ఎప్పుడు అన్న లెక్కలే. వాటి మధ్యలో ఎప్పుడో ఒక గ్రీవెన్స్ వస్తుంది. గ్రీవెన్స్ అంటే ఫిర్యాదు. నేను చెప్పబోయేది మాత్రం ఎవరూ ఫిర్యాదు చేయని కేసు.

మా షెడ్డులో పైకప్పు కింద ఈఓటీ క్రేన్ ఒకటి ఉంది. రెండు గోడల వెంటా పట్టాలు, వాటి మీద అడ్డంగా నడిచే భారీ దూలం, దానికి వేలాడే హుక్, ఒక చివర అద్దాల క్యాబిన్. ఆపరేటర్ ఆ క్యాబిన్‌లో కూర్చుంటాడు. అంత ఎత్తు నుంచి లోడు అంచులు సరిగా కనపడవు, షెడ్డు మోతలో మాట వినపడదు. అందుకని కింద సిగ్నల్‌మాన్ నిలబడి చేతులతో చెబుతాడు. చూపుడువేలు పైకి చూపించి తిప్పితే ఎత్తమని. కిందికి చూపించి తిప్పితే దించమని. రెండు చేతులూ బారచాచి, అరచేతులు నేలవైపు పెట్టి, అడ్డంగా ఊపితే ఎమర్జెన్సీ స్టాప్. అది చూశాక ఏం చేస్తున్నా సరే అక్కడికక్కడ ఆపాలి.

ఆపరేటర్ పేరు సన్యాసిరావు. యాభై ఆరేళ్ళు, గట్టి మనిషి, మీసానికి రంగు వేస్తాడు. సిగ్నల్‌మాన్ అప్పలస్వామి ఆయనకంటే నాలుగేళ్ళు చిన్న, బక్కపలచగా ఉంటాడు. ఇద్దరి ఇళ్ళూ క్యాంప్ 2లోనే. చుట్టరికం లేదు గానీ, ఇద్దరిదీ శ్రీకాకుళం వైపే కనక బావా అంటే బావా అనుకునేవారట. పద్నాలుగేళ్ళుగా అదే క్రేను, అదే జోడీ. నేను చేరిన కొత్తలో పని తెలుసుకోవడానికి షెడ్డులో తిరిగేదాన్ని. పది టన్నుల గర్డర్‌ని వాళ్ళిద్దరూ ట్రెయిలర్ మీద దించుతుంటే, ఊయల్లో పాపని పడుకోబెట్టినట్టు ఉండేది. ఒక్క మాట లేదు. అప్పలస్వామి వేలు ఎంత తిరిగితే పైన క్రేను అంతే కదిలేది.

చూసి ముచ్చటపడ్డాను. డిప్లొమాలో టీమ్‌వర్క్ అని ఒక పాఠం మొత్తం చదివాను గానీ కళ్ళతో చూడటం అదే మొదలు. "ఈ నెల ఉత్తమ జోడీ" అని నోటీసు బోర్డు మీద వాళ్ళ ఫొటో పెడదామని పెద్దసారుని ఒప్పించాను. భోజనాల వేళ ఇద్దర్నీ క్రేను కింద నిలబెట్టాను. ఒకరు ఈ స్తంభం దగ్గర, ఒకరు ఆ స్తంభం దగ్గర నిలబడ్డారు. దగ్గరికి జరగమంటే ఇద్దరూ నా వైపు జరిగారు. నేను పక్కకి తప్పుకుంటే మళ్ళీ నా వైపే. చివరికి ఫొటోలో మధ్యన నేనున్నాను.

ఫొటో తీస్తున్న స్టోర్ బాబు నవ్వు ఆపుకోలేక చెప్పాడు. "మేడం, వాళ్ళు మాట్లాడుకోక ఎనిమిది నెలలు. మీకెవరూ చెప్పలేదా?"

పని చేతులతోనే నడుస్తుంది కాబట్టి మాటల అవసరం రాలేదు. అందుకే ఆఫీసులో ఎవరికీ తెలియలేదు. ఎవరికీ నష్టం లేదు కదా అని నేనూ ఊరుకునేదాన్నే. కానీ ఆ నెలలోనే మాకు పెద్ద ఆర్డర్ వచ్చింది. ఆర్డర్ ఇచ్చిన కంపెనీకి ఒక నియమం ఉంది. క్రేను పని జరిగేటప్పుడు చేతి సైగలతో పాటు వాకీటాకీలో మాట కూడా నడవాలి. వాళ్ళ సేఫ్టీ ఆఫీసర్ సాహూగారు పది రోజుల్లో వచ్చి, ఒక ట్రయల్ చూసి, సంతకం పెడితేనే పని మొదలవుతుంది.

వాకీటాకీలు మూడు వచ్చాయి. ఆపరేటర్‌కి ఒకటి, సిగ్నల్‌మాన్‌కి ఒకటి, సూపర్‌వైజర్‌కి ఒకటి. మొదటి రోజు ఎవరూ బటన్ నొక్కలేదు. రెండోరోజూ అంతే. మూడోరోజు అప్పలస్వామి నొక్కి, గొంతు సవరించుకుని, వదిలేశాడు.

పెద్దసారు నన్ను పిలిచారు. "అమ్మా నీరజా, ఆ ఇద్దరూ నోరు విప్పకపోతే సాహూ సంతకం పెట్టడు. అప్పుడు నేను ఇంకో జోడీని తెచ్చుకోవాలి. అప్పలస్వామిని ఎక్కడో అక్కడ సర్దుతాను. సన్యాసిరావుని ఏం చెయ్యను? మిగతా క్రేన్లన్నీ రిమోట్‌వి, కింద పనిచేసేవాళ్ళే నొక్కుకునేవి, ఆపరేటర్ అక్కర్లేదు. ఇంకా నాలుగేళ్ళ సర్వీసు మిగిలి ఉన్న మనిషిని ఇంటికి పంపించాలి. అది నా చేత చేయించకు."

ముందుగా సన్యాసిరావుని ఆఫీసులో కూర్చోబెట్టి మాట్లాడాను. చాలాసేపు కిటికీ లోంచి క్రేను వైపే చూశాడు. తర్వాత ఉన్నట్టుండి చెప్పాడు. ఎనిమిది నెలల క్రితం క్యాంప్ 2లో తెలిసినవాళ్ళింట పెళ్ళి భోజనాలు. మన వైపు వంటవాళ్ళు, మంచి బూరెలు, మధ్యలో గుంట చేసి నెయ్యి పోస్తున్నారు. సన్యాసిరావు మూడు తిన్నాడు. నాలుగోదానికి చెయ్యి చాచాడు. ఎదురు వరసలో కూర్చున్న అప్పలస్వామి లేచి నిలబడి, రెండు చేతులూ బారచాచి, ఎమర్జెన్సీ స్టాప్ ఇచ్చాడు.

"దానికి కోపం వచ్చిందా?" అన్నాను, నవ్వు రాకుండా పెదవి కొరుక్కుంటూ.

"ఆపినందుకు కాదు మేడం. నా సెయ్యి ఆగిపోనాది. నాకు తెలీకుండానే, బూరె మీద, అలాగే గాల్లో ఆగిపోనాది. పద్నాలుగేళ్ళు డూటీలో ఆడి సెయ్యి ఎలా ఊగితే నా సెయ్యి అలా ఆడింది. బువ్వకాడ కూడా ఆడు సెప్పినట్టేనా? నలభై మంది నవ్వినారు. మా యావిడ కూడా నవ్వింది."

నాకు నవ్వు పోయింది. ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి.

తర్వాత అప్పలస్వామిని పిలిచాను. అతను కుర్చీ అంచున కూర్చుని హెల్మెట్‌ని మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"ఆ వారంలోనే ఆయనకి మెడికల్ ఉంది మేడం. మూడు నెలలకోపాలి సుగరు సూస్తారు. ఎక్కువుంటే క్యాబిన్ ఎక్కనివ్వరు. ఆయనింట్లో కూడా సెప్పినారు, ఒక కన్నేసి ఉంచమని. అక్కడేమో డోలు మోత. అరిస్తే ఇనపడదు. ఆయనకీ నాకూ తెలిసిన బాస ఒకటే. సేతులు లేపీసాను."

"ఈ మాట ఆయనకి చెప్పొచ్చు కదా?"

"నాను సెప్పను. ఎందుకు సేసినావని ఆయన అడగాల. అడగలేదు. మీరూ సెప్పకండి. సెప్పినారంటే, తన సుగరు సంగతి ఆపీసులో మాటాడీసానని ఇంకో ఎనిమిది నెలలు మాటాడడు."

హెచ్‌ఆర్‌లో మాకు నేర్పే మొదటి సూత్రం, ఒకరు విడిగా చెప్పింది రెండోవారికి చెప్పకూడదని. ఎల్‌కేజీలో ఆ బాధ లేదు. ఎవరి చెవిలో ఏం చెప్పినా క్లాసంతా వినేది. ఇక్కడ ఇద్దరి మనసూ నాకు తెలుసు, నోరు మాత్రం కట్టేసి ఉంది.

అయినా డిప్లొమా చదివినదాన్ని కదా. మర్నాడు ఇద్దర్నీ ఒకే బల్ల ముందు కూర్చోబెట్టి, టీ తెప్పించి, పుస్తకంలో ఉన్నట్టే మొదలుపెట్టాను. ఎదుటివాళ్ళని తప్పు పట్టకుండా, "నాకు ఇలా అనిపించింది" అని మాత్రమే చెప్పాలన్నాను.

సన్యాసిరావు ఆలోచించి చెప్పాడు. "మేడం, ఈయన ఇక్కడ లేకపోతే బాగుణ్ణని నాకు అనిపించింది."

"ఆయనకి అలా అనిపించిందని నాకూ అనిపించింది" అన్నాడు అప్పలస్వామి, గోడ గడియారాన్ని చూస్తూ.

ఇంకేం చెయ్యాలో తోచలేదు. పదకొండేళ్ళ అలవాటు, నా నోటి నుంచి దానంతటదే వచ్చేసింది. "వన్, టూ, త్రీ. ఇద్దరూ షేక్‌హ్యాండ్ ఇచ్చుకోండి. గుడ్ బాయ్స్ ఎవరో చూద్దాం."

ఎనిమిది నెలల్లో మొదటిసారి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నా మీద జాలితో. తర్వాత టీ తాగేసి, ఒకరు ఈ తలుపులోంచి, ఒకరు ఆ తలుపులోంచి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రానికి షెడ్డంతా నా పేరు టీచరమ్మ అయిపోయింది.

ట్రయల్ రోజు సాహూగారు వచ్చారు. సన్నటి మనిషి, చేతిలో రాసుకునే అట్ట, మెడలో విజిల్. ఆయనకి తెలుగు రాదు. సూపర్‌వైజర్ చేతిలో ఉండాల్సిన మూడో వాకీటాకీని ఆఖరి నిమిషంలో నేనే లాక్కున్నాను. ఏం చేద్దామని లాక్కున్నానో నాకే తెలియదు. లోడు కట్టారు. అప్పలస్వామి చెయ్యి ఎత్తాడు. సాహూగారు పెన్ను ఎత్తారు. వాకీటాకీలో గరగర తప్ప ఏమీ లేదు. పెద్దసారు జేబులోంచి రుమాలు తీశారు.

అప్పుడు అప్పలస్వామి గొంతు వినపడింది. "టీచరమ్మా, రెండడుగులు తూర్పుకి జరపమని ఆయనకి సెప్పండి."

బటన్ నొక్కాను. "సన్యాసిరావుగారూ, రెండడుగులు తూర్పుకి."

"నాకు సెవుడు లేదని సెప్పండి."

"అప్పలస్వామిగారూ, విన్నారట. జరుపుతున్నారు."

"మెల్లిగా దించమని సెప్పండి. కిందటి మంగళవారం లాగ కాదు."

"సన్యాసిరావుగారూ, మెల్లిగా దించండి."

"మంగళవారం నాను సెలవులో ఉన్నానని ఆ పెద్దమనిషికి గుర్తు సెయ్యండి."

"అప్పలస్వామిగారూ, మెల్లిగానే దించుతున్నారు."

మూడు సెట్లూ ఒకే చానెల్ మీద ఉంటాయి. ఒకరు మాట్లాడితే మిగతా ఇద్దరికీ వినపడుతుంది. అంటే వాళ్ళిద్దరూ వినేసిన మాటనే నేను మళ్ళీ వాళ్ళకి వినిపిస్తున్నాను. సాహూగారు మాత్రం కళ్ళజోడు సవరించుకుని అంతా శ్రద్ధగా గమనిస్తున్నారు. గర్డర్ సున్నితంగా నేలకి ఆనింది. ఆయన హిందీలో పెద్దసారుని అడిగారు, ప్రతి ఆదేశాన్నీ మూడో మనిషి మళ్ళీ పలకడం చాలా మంచి పద్ధతి, ఇది ఎవరు పెట్టారని.

"మా హెచ్‌ఆర్" అన్నారు పెద్దసారు, రుమాలు జేబులో పెట్టుకుంటూ.

"ఐసా క్రాస్‌చెక్ హమ్‌నే కహీఁ నహీఁ దేఖా" అన్నారు సాహూగారు. ఇలాంటి తనిఖీ తానెక్కడా చూడలేదట. సంతకం పెట్టి, కింద ఒక షరతు రాశారు. ఆర్డర్ పూర్తయ్యేదాకా క్రేను లోడు ఎత్తిన ప్రతిసారీ ఇదే పద్ధతి పాటించాలి.

ఇద్దరి ఉద్యోగాలూ నిలబడ్డాయి. నా ఉద్యోగం మాత్రం షెడ్డులోకి మారింది. పొద్దున ఎనిమిదింటి నుంచి హెల్మెట్ పెట్టుకుని, మెడలో వాకీటాకీ వేలాడేసుకుని నిలబడేదాన్ని. సెలవు చీటీలని గర్డర్ల మీద పెట్టుకునే సంతకాలు చేసేదాన్ని. ఇంటర్వ్యూకి వచ్చిన ఒక కుర్ర ఇంజనీర్, ప్రశ్నకీ ప్రశ్నకీ మధ్య నేను "ఇంకొంచెం పైకి" అంటుంటే, ప్రతిసారీ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అతన్ని తీసుకున్నాం. మంచి పిల్లవాడు.

వాళ్ళు మాత్రం ఈ ఏర్పాటుకి హాయిగా అలవాటుపడిపోయారు. పాత రోజుల్లో నేరుగా అనుకోని మాటలు కూడా నా ద్వారా అనుకోవడం మొదలుపెట్టారు. ఆ మీసానికి రంగు వారానికి రెండుసార్లు వేస్తే జుట్టు రాలుతుందని చెప్పండి. ఆ బక్క పీనుగకి ఫ్యాను కింద నిలబడొద్దు, ఎగిరిపోతాడని చెప్పండి. నేను చెప్పేదాన్ని కాదు. చెప్పకపోయినా చేరేది.

మూడోవారం చివర్లో నా గొంతు పోయింది. దుమ్ము, వాన, రోజంతా అరుపు. పొద్దున లేచి అమ్మని పిలిస్తే గాలి మాత్రం వచ్చింది. సెలవు పెడదామంటే ఆ రోజు రెండు ట్రెయిలర్లు ఉన్నాయి, నేను లేకపోతే షరతు ప్రకారం క్రేను కదలకూడదు. ఎలాగో వెళ్ళి నిలబడ్డాను. ట్రెయిలర్ ఇంకా గేటు దగ్గరే ఉంది, హుక్ ఖాళీగా ఉంది.

"టీచరమ్మా, బండి ఎంతసేపట్లో వస్తాదో ఆయన్ని అడగండి" అన్నాడు పైనుంచి సన్యాసిరావు.

నేను బటన్ నొక్కాను. మాట రాలేదు. కీచుమని ఒక శబ్దం వచ్చింది.

"టీచరమ్మా?"

ఇంకోసారి నొక్కాను. ఇంకో కీచు. అప్పలస్వామి నా దగ్గరికి వచ్చాడు. గొంతు చూపించి చెయ్యి అడ్డంగా ఊపాను. అతను నన్నూ పైన క్యాబిన్‌నీ మార్చి మార్చి చూసి, వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"ఆవిడికి గొంతు పోనాది" అన్నాడు చివరికి. ఎవరికి చెబుతున్నాడో చెప్పలేదు.

పైన సెట్టు గరగరమంది. తర్వాత, "మిరియాల పాలు తాగమను."

"జొరం లేదు కదా, మిరియాలెందుకు. అల్లం రసంలో తేనె ఏసుకుంటే సాయంత్రానికి వచ్చేస్తాది."

"తేనె ఏటి. తేనెకి గొంతు రాదు. మా యమ్మ మిరియాల పాలే ఇచ్చీది."

"మీ యమ్మ నీకిచ్చింది. నీ గొంతు సూడు ఎలగుందో. గేదె గొంతు. టీచరమ్మకి అలాటి గొంతు గావాలా?"

"తేనె నాకు పడదు కాబట్టి నువ్వు ఎప్పుడూ తేనే అంటావు."

"నీకెవడు తాగమన్నాడు, ఆవిడ తాగాల. నీకేటి పడదో నాకు తెల్దేటి. తెలుసు గాబట్టే కదా ఆ రోజు..."

అక్కడ ఆగిపోయాడు. నేను వాకీటాకీని రెండు చేతులతో పట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాను. ఆ క్షణంలో గొంతు ఉండి ఉంటే తప్పకుండా కలగజేసుకునేదాన్ని. "చూశారా సన్యాసిరావుగారూ, ఆయన మీ మంచికే" అని మొదలుపెట్టి, అంతా పాడుచేసేదాన్ని.

గరగర మధ్య సన్యాసిరావు గొంతు తగ్గి వినపడింది. "ఆ రోజు ఏటి?"

"ఆ వారం నీకు మెడికల్. మరిసిపోనావా?"

పైకి చూస్తే అద్దం వెనక ఆయన తల కనపడింది, మొహం కనపడలేదు.

"మొన్న మళ్ళీ సూసినారు. నూట ముప్పై" అన్నాడు.

"తినక ముందా, తిన్నాకా?"

"తినక ముందు."

"అయితే ఎక్కువే."

"ఎక్కువేటి. డాక్టరు బాగుందన్నాడు."

"ఆ డాక్టరు అందరికీ బాగుందనే అంటాడు. రేపు ఆదివారం సెక్టర్ నైన్ ఆసుపత్రికెల్దాం. నాను వస్తాను."

అప్పుడు గేటు లోంచి ట్రెయిలర్ వచ్చింది. అప్పలస్వామి తన చోటికి వెళ్ళి నిలబడి చెయ్యి ఎత్తాడు. "బావా, పడమటికి నాలుగడుగులు" అన్నాడు. క్రేను కదిలింది. నేను షరతు సంగతి ఆ పూటకి పక్కనపెట్టి, నా వాకీటాకీ ఆపేసి, స్తంభం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. సాయంత్రం ఒకరు ఫ్లాస్కులో మిరియాల పాలు, ఒకరు సీసాలో అల్లం రసం పంపించారు. ఎవరిది తాగానో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. రెండూ తాగాను.

ఈ ఉద్యోగంలోకి వచ్చేటప్పుడు మనుషుల మధ్య నిలబడటమే నా పని అనుకున్నాను. పుస్తకాల్లో కూడా అంతవరకే ఉంది. మధ్యలో మనిషి ఉన్నంతసేపూ ఆ మనిషికే చెప్పుకుంటారని, ఒకరికొకరు చెప్పుకోవాల్సిన అవసరమే వాళ్ళకి రాదని, నాకు గొంతు పోతే గాని తెలియలేదు. తర్వాత చాలా తగవులు చూశాను. ఇద్దర్నీ కూర్చోబెట్టి, టీ తెప్పించి, నా గ్లాసులో టీని వీలైనంత మెల్లిగా తాగుతాను.

నెలాఖరుకి గ్రీవెన్స్ రిజిస్టర్ పూర్తిచేయాలి. కేసు ఏమిటి, ఎవరెవరు, హెచ్‌ఆర్ తీసుకున్న చర్య ఏమిటి అని మూడు గడులు ఉంటాయి. మొదటి రెండూ తేలిగ్గానే నిండాయి. మూడోదాని దగ్గర చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చుని, చివరికి ఉన్నదే రాశాను.

పెద్దసారు కళ్ళజోడు పైకి నెట్టి ఆ గడిని పైకే చదివారు. "'ఆ రోజు హెచ్‌ఆర్ ఏమీ మాట్లాడలేదు.' ఇదేమిటమ్మా?"

"తీసుకున్న చర్య అదేనండి."

ఆయన నా వైపు ఒకసారి చూసి, కింద సంతకం పెట్టారు.